పాప చెప్పుల సైజు

"పాప చెప్పుల సైజు ఎంతండీ?" అని అడిగారు ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్ గారు.

2022 మార్చిలో ఒక మధ్యాహ్నం అది. నా చేతిలో లావుపాటి ఫైలు ఉంది. జీతం స్లిప్పులు, హైదరాబాదులో మా ఫ్లాటు కాగితాలు, దగ్గర్లో ఉన్న బడి ఫీజుల వివరాలు, పాపను తాను చూసుకుంటానని మా అమ్మ రాసిచ్చిన ప్రమాణపత్రం, అన్నీ వరసగా గుచ్చుకుని వెళ్లాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఫైలులో ఎక్కడా లేదు. తర్వాత ఆవిడ అడిగినవీ అలాంటివే. రాత్రి మెలకువ వస్తే ఎవరిని పిలుస్తుంది? అన్నం కలిపి పెట్టాలా, తనే తింటుందా? మందు తాగనని మొండికేస్తే ఏం చేస్తారు? బడిలో పక్కన కూర్చునే అమ్మాయి పేరేమిటి? ఒకటి రెండింటికి ఏదో చెప్పాను. మిగతావాటికి "వాళ్ళ అమ్మకు తెలుస్తుందండీ" అంటూ వచ్చాను. నాలుగోసారి ఆ మాట అంటుండగా మధ్యలోనే ఆగిపోయాను. పాపను పూర్తిగా నాకే అప్పగించమని కోర్టుకు వచ్చినవాడిని నేను.

ఈ కథలో సగానికి పైగా నా కూతురిది. ఆమెను అడగకుండా పేరు చెప్పే హక్కు నాకు లేదు కాబట్టి పేర్లూ ఊరూ రాయడం లేదు. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో కూడా, ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ గోప్యంగా జరపాలని ఉంది. అయినా ఇది రాస్తున్నానంటే, కోర్టు గుమ్మం ఎక్కేముందు నాకు చుట్టాలు, స్నేహితులు చెప్పిన మాటల్లో ఎక్కువభాగం తప్పులని రెండేళ్లు తిరిగాక తెలిసింది. అవే మాటలు ఇప్పుడు ఇంకొక తండ్రికి ఎవరో చెబుతూనే ఉంటారు.

నేనూ నా భార్యా 2021 జూన్‌లో విడిపోయాం. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. ఆమె పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లింది. హైదరాబాదులో రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి చేరే కోస్తా ఊరు అది. పాపకు అప్పటికి నాలుగేళ్ల రెండు నెలలు. మొదట పెద్దమనుషులు కూర్చున్నారు. ప్రతిసారీ ఎవరు ఎవరిని ఏమన్నారు, పెళ్లిలో ఎవరికి మర్యాద తగ్గింది అనే లెక్కలతోనే సాయంత్రం అయిపోయేది. పాపను నేను ఎప్పుడు చూడవచ్చన్న విషయం అందరూ లేచి చెప్పులు వేసుకునేటప్పుడు వచ్చేది. ఐదు నెలలు ఫోనులో తప్ప పాపను చూడలేదు. నవంబరు నుంచి ఆ ఫోను కూడా ఎత్తడం మానేశారు. కోపంతో నేను డబ్బు పంపడం మానేశాను. నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బంధువుల్లో ఒకాయన ధైర్యం చెప్పాడు. "ఐదేళ్లు నిండనీ. ఆ తర్వాత బిడ్డ తండ్రిదే. చట్టం అదే చెబుతోంది" అన్నాడు. నేను నమ్మాను. 2022 ఏప్రిల్‌లో పాపకు ఐదేళ్లు. కేసు పెడితే అప్పటికల్లా నోటీసులు, అవీ ఇవీ పూర్తయి పాప నా దగ్గరకు వచ్చేస్తుందని లెక్క కూడా వేసుకున్నాను.

ఆ లెక్కను మా లాయరు మేడమ్ మొదటి రోజే కొట్టిపారేశారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. సంరక్షకుడు అంటే గార్డియన్, పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్నది కస్టడీ. ఈ రెండూ వేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఆరో సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మా చుట్టం చెప్పింది ఈ రెండు ముక్కలను అతికించి తయారుచేసిన మాట. "తండ్రి తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయాక అనే అర్థం చెప్పుకోనక్కరలేదనీ, తండ్రి బతికుండగానే పరిస్థితిని బట్టి తల్లి సంరక్షకురాలు కావచ్చనీ గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. వీటన్నిటి మీదా అదే చట్టంలో పదమూడో సెక్షన్ ఉంది: అన్నిటికంటే పిల్లల క్షేమమే ముఖ్యం. "ఐదో పుట్టినరోజు నాడు కేకు కోశాక పాప చేతులు మారదండీ. ఐదేళ్లలోపు అయితే తల్లి దగ్గర ఎందుకు ఉండకూడదో మీరు చూపించాలి. ఐదు దాటితే ఆ భారం కొంచెం తగ్గుతుంది, అంతే. ప్రశ్న మాత్రం ఒకటే" అన్నారు మేడమ్.

కేసు హైదరాబాదులో వేయాలనుకున్నాను. పాప పుట్టింది, నాలుగేళ్లు పెరిగింది అక్కడే కదా. దానికీ ఆవిడ ఒప్పుకోలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం పిల్ల మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ కోర్టుకే వెళ్లాలి. పాప అప్పటికే అక్కడ బడిలో చేరింది. ఎక్కడ వేయాలన్న వాదనతోనే ఒక ఏడాది పోగొట్టుకుంటారా, లేక అక్కడికే వెళ్లి త్వరగా పాపను చూస్తారా అని అడిగారు. రెండోదే ఎంచుకున్నాను. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇదే మలుపులో ఉంటే, దూరమైనా పాప ఉన్న ఊరికే వెళ్లమని చెబుతాను.

2022 జనవరిలో పిటిషన్ వేశాం. ఇరవై రెండు పేజీలు. అందులో సగం నా పట్టుదల వల్ల పెరిగినవే. ఆమె కోపం, ఆమె నిర్లక్ష్యం, ఎప్పుడో ఒక రోజు పాపకు జ్వరం ఉండగా ఆమె ఎవరిదో పుట్టినరోజు వేడుకకు వెళ్లడం, అన్నీ రాయించాను. మేడమ్ రెండుసార్లు వద్దన్నారు. వినలేదు. దానికి జవాబుగా ఆమె వేసిన కౌంటరు ఇరవై ఆరు పేజీలు వచ్చింది. నా గురించి చదువుతుంటే ఎవరో కొత్త మనిషి గురించి చదువుతున్నట్టు ఉంది. ఆమెకూ నా పిటిషన్ చదివినప్పుడు అలాగే అనిపించి ఉంటుందని అప్పుడు తోచలేదు.

వాయిదాల రోజులు ఎలా ఉంటాయో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఉదయం పదిన్నరకు కేసులు పిలవడం మొదలవుతుంది. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు మూడుసార్లు కేక వేస్తాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, బస్‌స్టాండులో ముఖం కడుక్కుని, ఆ కేక కోసం రెండు మూడు గంటలు వరండాలో నిలబడతాం. పేరు పిలిచాక లోపల గడిపేది రెండు నిమిషాలు. ఒకసారి నోటీసు అందలేదంటారు, ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి లాయర్లు విధులకు దూరం. నా డైరీలో మొత్తం ముప్పై ఒక్క వాయిదాలు ఉన్నాయి. అందులో నిజంగా ఏదైనా జరిగినవి పదకొండు. వరండాలో నాలాంటివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఒడిలో బిడ్డను పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న ఒక అమ్మాయి, తన మనవడిని కోడలు చూపించడం లేదని ఏడ్చే ఒక పెద్దాయన. కొన్నాళ్లకు ఒకరి కేసు నంబరు మరొకరికి తెలిసిపోతుంది. పెద్దాయన నన్ను "బాబూ, మీది పిలిచారా" అని అడిగి, నేను టీకి వెళ్లినప్పుడు నా పేరు వినిపెట్టేవాడు.

కౌన్సెలర్ గారి దగ్గరకు పంపడం ఫ్యామిలీ కోర్టుల చట్టంలో భాగమే. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత. వెళ్లేముందు నేను దాన్ని ఒక లాంఛనం అనుకున్నాను. ఆవిడ అరవైకి దగ్గరలో ఉంటారు. చెప్పుల సైజు ప్రశ్న తర్వాత ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. నా పిటిషన్ ప్రతిని ముందు పెట్టుకుని, పెన్సిలుతో కొన్ని వాక్యాల కింద గీతలు గీసి నా వైపు తిప్పారు. ఇరవై రెండు పేజీల్లో పాప గురించి, అంటే పాప ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది, దేనికి భయపడుతుంది అన్న వాటి గురించి, ఉన్నవి ఏడు లైన్లు. ఆమె కౌంటరుకూ అదే చేశారు. అందులో పదిహేను లైన్లు. "మీ ఇద్దరి గురించి నాకు బాగా తెలిసింది. పాప గురించి ఇంకా తెలియలేదు. వచ్చేసారి పాప ఒక రోజు ఎలా గడుస్తుందో, మీ దగ్గర ఉంటే ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. లేవడం దగ్గర్నుంచి పడుకునేదాకా" అన్నారు.

ఆ కాగితం రాయడానికి కూర్చున్న రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉదయం ఏడుకు లేపడం, పాలు, స్నానం, బడి. మధ్యాహ్నం మూడున్నరకు బడి నుంచి వస్తుంది. అప్పుడు నేను ఆఫీసులో ఉంటాను. అమ్మ ఉంటుంది అని రాశాను. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. లిఫ్టు లేకపోతే మెట్లు దిగలేదు. బడి బస్సు దగ్గరకు ఎవరు వెళతారు? రాత్రి ఎనిమిదికి నేను ఇల్లు చేరతాను. పాప తొమ్మిదికి పడుకుంటుంది. నా దగ్గర పాప అంటే రోజుకు ఒక గంట అని ఆ కాగితమే నాకు చెప్పింది.

1890 చట్టంలో పదిహేడో సెక్షన్ ఒకటుంది. పిల్లల వయసు, ఆడపిల్లా మగపిల్లవాడా, అడుగుతున్న మనిషి గుణం, సామర్థ్యం, బంధుత్వం, పిల్లలకు ఆలోచించి చెప్పగల వయసు ఉంటే వాళ్ల ఇష్టం, ఇవన్నీ చూడాలని అందులో ఉంది. సామర్థ్యం అంటే జీతం అనుకున్నాను నేను. ఆ రాత్రి తర్వాత ఆ మాటకు వేరే అర్థం తెలిసింది.

2022 జూన్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. నెలలో మొదటి, మూడో శనివారాలు, పదకొండు నుంచి ఒంటిగంట వరకు, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో పాపను చూడవచ్చు. పాపను నేను చూసి అప్పటికి ఏడాది. ఆ ఏడాదిని తలచుకుంటే ఇప్పటికీ ఒప్పుకోలేను. 1890 చట్టం పన్నెండో సెక్షన్ కింద మధ్యంతర ఏర్పాట్లు చేసే అధికారం కోర్టుకు ఉంది. కస్టడీ లేని తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని, వీడియో కాల్స్ అందుకు వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహూ కేసులో చెప్పింది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే పిటిషన్‌తో పాటే మొదటి రోజే వీడియో కాల్ కోసం దరఖాస్తు పెట్టమని అడిగేవాడిని. పెద్దల తగవు రెండేళ్లు సాగినా ఫరవాలేదు. నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఒక ఏడాది అంటే ఆమె బతుకులో నాలుగో వంతు. ఈ ఒక్క విషయంలో కోర్టులు మరింత త్వరపడాలని గట్టిగా అంటాను.

మొదటి శనివారం పాపను అత్తయ్య తీసుకొచ్చారు. నేను పెద్ద బొమ్మ కొనుక్కుని వెళ్లాను, దాదాపు పాపంత ఎత్తు ఉంటుంది. పాప అత్తయ్య కొంగు వెనక్కి వెళ్లిపోయింది. "తల్లీ, నాన్నను" అన్నాను. బొమ్మ వైపు చూసి, "అది ఎవరిది?" అని అడిగింది. నీకే అన్నాను. "ఇంటికి ఎప్పుడు వెళ్దాం అమ్మమ్మా?" అంది. ఆ రెండు గంటల్లో నాతో మాట్లాడింది అంతే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె జడలను చూస్తూ ఉండిపోయాను. హైదరాబాదులో ఉన్నప్పుడు జుట్టు భుజాలదాకా కూడా ఉండేది కాదు.

కౌన్సెలర్ గారు బయట కలిసి, "వచ్చేసారి ఏమీ తేకండి, ఏమీ అడగకండి. వాళ్ళ అమ్మ గురించి అసలే అడగకండి. పాప ఏం చేస్తుంటే దాని పక్కన కూర్చోండి" అన్నారు. అలాగే చేశాను. మూడో కలయికలో పాప చిన్న సంచి తెచ్చుకుంది. అందులో అరగదీసిన చింతపిక్కలు, గాజు ముక్కలు ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర అష్టా చెమ్మా నేర్చుకుందట. గచ్చు మీద గళ్లు గీయడానికి సుద్దముక్క లేక అటూ ఇటూ చూస్తుంటే, కోర్టులో కేకలు వేసే ఆ బంట్రోతే జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆయనకు అలవాటేనేమో. పాప ఐదు వరసలు గీసింది. నేను చిన్నప్పుడు ఆడిన ఆట, అయినా అన్నీ మరిచిపోయాను. ఎప్పుడు అష్టా, ఎప్పుడు చెమ్మా అన్నది ఆమే నేర్పింది. నా కాయను చంపినప్పుడు మొదటిసారి నన్ను చూసి నవ్వింది. ఒంటిగంటకు అత్తయ్య లేచి, "ఆట పూర్తి చేసుకోనివ్వండి" అని మళ్లీ కూర్చున్నారు. పాప చివరి కాయ పండేదాకా, ఇరవై నిమిషాలు ఎక్కువే. ఆ ఇరవై నిమిషాలు ఏ ఉత్తర్వులోనూ లేవు. అత్తయ్యకు నేను రుణపడిన సంగతుల్లో అది మొదటిది.

ఇప్పుడు డబ్బు సంగతి. నవంబరు నుంచి పంపలేదని చెప్పాను కదా. నాకు పాపను చూపించనప్పుడు నేనెందుకు పంపాలి అన్నది నా వాదన. మేడమ్ ముఖం మీదే అడిగారు: "పాప పాలకూ మీ కోపానికీ సంబంధం ఏమిటి?" పోషణ వేరు, కలయిక వేరు. చూపించలేదని డబ్బు ఆపకూడదు, డబ్బు రాలేదని చూపించడం ఆపకూడదు. బకాయి మొత్తం ఒకేసారి కట్టాను. ఆ ఏడు నెలల ఖాళీ మాత్రం బ్యాంకు కాగితంలో అలాగే ఉండిపోయింది. క్రాస్ ఎగ్జామినేషన్ రోజు అవతలి లాయరు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

2023 జనవరి నుంచి పాపను ఉదయం పదికి తీసుకెళ్లి సాయంత్రం ఐదుకు దింపే వీలు కల్పించారు. పార్కు, హోటల్లో దోసె, సముద్రం. ఆ ఫిబ్రవరిలోనే ఒక శనివారం ఇసుకలో ఆడుతూ ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టింది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలా చప్పుడు. నాకేమీ తెలియలేదు. ఏడాదిన్నర కిందటే ఆమెకు ఉబ్బసం మొదలైందట, కౌంటరులో ఒక లైను ఉంది, వాదనలో అదొక ఎత్తు అనుకుని నేను పట్టించుకోలేదు. వణుకుతూ వాళ్ళ అమ్మకు ఫోను చేశాను. విడిపోయాక మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. తిట్టలేదు. "సంచిలో ముందు జేబులో ఇన్‌హేలరు ఉంది. గొట్టం తగిలించి రెండుసార్లు నొక్కండి. కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. నేను వస్తున్నాను" అంది. పావుగంటలో వచ్చింది. అప్పటికి పాప కుదుటపడింది. ఇద్దరం ఇసుకలో చెరోపక్క కూర్చున్నాం, పాప మధ్యలో. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో నన్ను బోనులో క్రాస్ చేశారు. పాప బడిలో ఏ సెక్షన్‌లో ఉంది, ఆన్‌లైన్ తరగతులప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారు, టీకాల పుస్తకం ఎవరి దగ్గర ఉంది, పాపకు ఉబ్బసం ఉందని మీకు ఎప్పుడు తెలిసింది. "గుర్తులేదు అనండి, ఫరవాలేదు" అని ఎవరో సలహా ఇచ్చారు. నేను తెలియనివాటికి తెలియదనే చెప్పాను. ఉబ్బసం గురించి, ఫిబ్రవరిలో కళ్లారా చూసేదాకా నమ్మలేదని చెప్పాను. జడ్జిగారు తల ఎత్తి ఒకసారి చూసి రాసుకున్నారు. కేసు పరంగా నాకు అది నష్టమే. అయినా ఆ మాట చెప్పాక ఆ రోజు బస్సులో నిద్ర పట్టింది.

2023 జులైలో జడ్జిగారు పాపతో మాట్లాడారు. ఆరేళ్లు దాటాయి కాబట్టి తన ఛాంబర్‌లోకి పిలిచి, మమ్మల్నీ లాయర్లనూ బయట ఉంచి, ఒక ఇరవై నిమిషాలు. పిల్లలు ఎవరి దగ్గర ఉంటామంటే వాళ్లకే ఇచ్చేస్తారని చాలామంది అనుకుంటారు. అందుకే ఆ రోజుకు ముందు పిల్లలకు మాటలు నేర్పిస్తారు. పిల్లల ఇష్టాన్ని కోర్టు వింటుంది, కానీ అదొక్కటే తీర్పు కాదు. ఒకరి దగ్గరే పెరుగుతున్న పిల్ల ఆ ఒక్కరి మాటలే వింటుందని కోర్టులకు బాగా తెలుసు. నేను పాపకు ఏమీ నేర్పలేదు. ఆమె కూడా నేర్పలేదని ఇప్పుడు నమ్ముతున్నాను.

తర్వాత మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. పాప బాగా మాట్లాడిందనీ, బొమ్మ గీసిందనీ చెప్పి ఆ కాగితం చూపించారు. రెండు ఇళ్లు గీసింది. ఒకటి అమ్మమ్మ ఇల్లు, ముందు మందార చెట్టుతో. ఇంకొకటి పొడుగ్గా, చాలా కిటికీలతో ఉంది. అదెవరి ఇల్లని అడిగితే "నాన్న ఇల్లు" అందట. అందులోనే గచ్చు మీద సుద్దగళ్లు కూడా గీసింది. అది కోర్టు. నా కూతురి దృష్టిలో నేను కోర్టులో ఉంటాను.

ఆ ఆగస్టులో ఆ ఊళ్లోనే, పాప బడికి రెండు వీధుల అవతల, రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. మా ఆఫీసులో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోనిస్తారు. శుక్ర, శనివారాలు ఇటు వచ్చేలా సర్దుకున్నాను. లాడ్జి గదికి పాపను రాత్రి పంపరు, పంపకూడదు కూడా. పోర్షన్ ఫోటోలు, అద్దె ఒప్పందం, ఆ రాత్రుల్లో మా అమ్మ కూడా ఉంటుందన్న హామీ, దగ్గర్లోని పిల్లల డాక్టరు వివరం, ఇంట్లో నెబ్యులైజర్ ఉందన్న రసీదు, ఇవన్నీ పెట్టి దరఖాస్తు చేశాం. మొదటి ఫైలుకూ ఈ ఫైలుకూ తేడా మేడమ్ గమనించి ఏమీ అనకుండా నవ్వారు. అక్టోబరులో శనివారం రాత్రి పాప నా దగ్గర పడుకోవడానికి అనుమతి వచ్చింది. మొదటి రాత్రి పదింటికి లేచి అమ్మ కావాలంది. వీడియో కాల్ చేసి ఇచ్చాను. వాళ్ళ అమ్మ కథ చెప్పింది, ఫోను దిండు పక్కన పెట్టుకుని నిద్రపోయింది.

వాదనలు దగ్గరపడుతుండగా మేడమ్‌తో నేనే అన్నాను, శాశ్వత కస్టడీ కోరికను వదులుకుంటానని. ఇంట్లో గొడవైంది. ఇంత ఖర్చుపెట్టి ఓడిపోతావా అన్నారు. నాకు తోచింది ఒక్కటే: రాత్రి పిల్లికూతలు వినగానే ఏ జేబులో ఏముందో తెలిసిన చేతులు ఆమెవి. నావి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయి. పాప బడి, స్నేహితురాళ్లు, మందార చెట్టు అన్నీ అక్కడున్నాయి. వాటిలోంచి పీకి, రోజుకు ఒక గంట దొరికే నాన్న దగ్గరకు తేవడం నా గెలుపు అవుతుందేమో, పాపకు మాత్రం కాదు. ప్రతి తండ్రీ ఇలాగే చేయాలని నేననను. పిల్లల రోజంతా తన చేతుల మీద నడిపిన తండ్రులను ఆ వరండాలోనే చూశాను. వాళ్లు పోరాడాలి.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడుసార్లు మీడియేషన్‌లో కూర్చున్నాం. రాసుకున్న షరతుల్లో ముఖ్యమైనవి ఇవి. పాప తల్లి దగ్గర ఉంటుంది. రెండో, నాలుగో శనివారం ఉదయం పది నుంచి ఆదివారం సాయంత్రం ఆరు వరకు నా దగ్గర. వేసవి సెలవుల్లో సగం. ఒక ఏడాది సంక్రాంతి నాతో, దసరా ఆమెతో, మరుసటి ఏడాది అటుది ఇటు. బుధవారం రాత్రి ఏడుకు వీడియో కాల్. బడి నుంచి, డాక్టరు నుంచి సమాచారం ఇద్దరికీ. పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు. ఎవరైనా ఊరు మారాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. నెలనెలా డబ్బు, ఏటా పెంపు, బడి ఫీజు సగం సగం. పాప ముందు ఒకరినొకరు తక్కువ చేసి మాట్లాడకూడదన్నది ఆమె రాయించింది. పిటిషన్‌లో నేను రాయించిన ఆరోపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నానన్నది నేను రాయించాను. ఆమె అది చదివి కాసేపు ఆ కాగితం వైపే చూసింది. తర్వాత తన కౌంటరు గురించి కూడా అదే వాక్యం చేర్పించింది.

పిల్లలు ఇద్దరి దగ్గరా పెరిగే ఉమ్మడి కస్టడీ గురించి 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. అది చట్టంగా రాలేదు. ప్రస్తుతానికి మనలాంటివాళ్లకు ఉన్నది ఇలాంటి రాజీపత్రాలే, అవి ఎంత వివరంగా రాసుకుంటే అంత మంచిది. "పండగలకు సమంగా" అని రాస్తే ప్రతి పండక్కీ తగవే. రోజు, గంట, ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు దింపాలి అన్నంతవరకు రాయించుకోండి. అయినా ఇందులో ఏదీ రాతి మీద రాత కాదు. కస్టడీ ఉత్తర్వులు పరిస్థితులను బట్టి మార్చదగ్గవేనని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. గత ఏడాది పాప శనివారం ఉదయం కూచిపూడి తరగతిలో చేరింది. మా ఉదయం పది గంటల వేళ అందులో పోయింది. ఇద్దరం సంతకాలు పెట్టి కోర్టులో ఒక మెమో వేశాం, ఇప్పుడు పన్నెండు నుంచి. తరగతి దగ్గరకు నేనే వెళ్లి గుమ్మం బయట కూర్చుంటాను.

పాప సంచిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఉబ్బసం మందు ఎప్పుడు ఇచ్చామో రాయడానికి వాళ్ళ అమ్మ మొదలుపెట్టింది, తర్వాత నేనూ రాయడం మొదలుపెట్టాను. మొదట్లో మందుల వేళలు మాత్రమే ఉండేవి. పోయిన నాలుగో శనివారం నేను రాసింది ఇది:

"రాత్రి ఒకసారి దగ్గింది. రెండు పఫ్‌లు ఇచ్చాను, తగ్గింది. ఉదయం మూడు ఇడ్లీలు తిన్నది. లెక్కల హోంవర్క్ అయింది, తెలుగు మిగిలింది. ఎడమ చెప్పు బిగుతుగా ఉంది, వేలు దగ్గర ఎర్రబడింది. పదమూడో నంబరు చాలడం లేదు."

పిల్లల చెప్పుల నంబర్లు పదమూడు దాటాక మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఈసారి పుస్తకం తెరిస్తే కింద ఆమె రాత ఉంది.

"చూశాను. ఒకటో నంబరు కొన్నాను. మీ దగ్గర కూడా ఒక జత ఉంచండి."